పదిహేడో ఎక్కం

జనవరి 7, ఆదివారం

పొద్దున పదికి నా భార్య ఫోన్, వాళ్ళన్నయ్య ఇంటి నుంచి. ఎలా ఉన్నానని అడగలేదు. పదిహేడో ఎక్కం చెప్పమంది. మందు పడితే నా నాలుక ఏడు దగ్గర తడబడుతుందని పన్నెండేళ్ళ కాపురంలో కనిపెట్టింది. అప్పజెప్పాను. సరే అని పెట్టేయబోతుంటే పాప గురించి అడిగాను. చలికాలం పోయేదాకా, అంటే మార్చి ఆఖరుదాకా, ప్రతి ఆదివారం ఇలా చెబితే ఇద్దరూ వస్తారట. ఒక్కసారి తప్పినా ఇక లేదట. నలభై ఆరేళ్ళవాడికి ఎక్కాల పరీక్ష.

జనవరి 10

రోడ్డు పక్క చెట్లు చూడటం నా ఉద్యోగం. చలికి ఆకులు రాలాక చచ్చినవీ బతికినవీ ఒకేలా ఉంటాయి. బెరడు గోటితో గీకుతాను. కింద పచ్చగా ఉంటే బతికినట్టు. గోధుమరంగైతే ఎర్ర పెయింట్‌తో ఇంటూ మార్కు పెడతాను, మర్నాడు రంపం వాళ్ళు కోసేస్తారు. ఇవాళ పద్నాలుగు ఇంటూలు. 

జనవరి 14, ఆదివారం

చెప్పాను. పెట్టేసింది.

జనవరి 23

స్కూల్ ఎదుటి చెట్టు కోశారు. రంపం మేస్త్రీ నన్ను పిలిపించి మొద్దు చూపించాడు. లోపలంతా తడి. పచ్చివాసన. మూడుచోట్ల గీకి చూశాను, ఎక్కడా పచ్చ కనపడలేదు. చలి మరీ ముదిరితే కొన్ని చెట్లు ప్రాణాన్ని లోపలికి లాక్కుంటాయట. యముడికన్నా నాకే తొందరెక్కువని మేస్త్రీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బతికున్నదాన్ని చంపాను.

ఫిబ్రవరి 2

ఇంకా చూడాల్సినవాటిలో పదకొండు చెట్లకి గీకితే పచ్చ కనపడలేదు, అయినా ఇంటూ పెట్టలేదు. సూపర్‌వైజర్ లిస్ట్ అడిగాడు. మార్చి ఆఖరుదాకా టైమ్ ఇవ్వమన్నాను. కారణం రాసిమ్మన్నాడు. ఇంకా తెలియదు అని రాసిచ్చాను. ఆశ కాదు ఇది. భయం.

ఫిబ్రవరి 18, ఆదివారం

చెప్పాను. వెనకాల పాప దగ్గు వినిపించింది. మందు వేశారో లేదో అడిగేలోపే పెట్టేసింది.

మార్చి 5

గాలి వెచ్చబడింది. ఊళ్ళో చెట్లన్నీ చిగురిస్తున్నాయి. నా పదకొండూ తప్ప.

మార్చి 17, ఆదివారం

నిన్న మధ్యాహ్నం తాగాను. పాప పుట్టినరోజని రాయొచ్చు, కానీ అది పోయిన నెలలోనే అయిపోయింది. కారణం లేదు. ఇవాళ లేస్తూనే మిగతా సగం సీసా ఖాళీ చేశాను.

పదికి ఫోన్ మోగింది. మొదలుపెట్టాను. ఏడు వచ్చింది. నూట పంతొమ్మిది. దాటిపోయింది! నూట డెబ్బైదాకా గడగడా చెప్పేశాను. పదకొండు వారాలు వల్లిస్తే చిలక్కైనా వస్తుంది.

ఆవిడ ఏడ్చింది, సంతోషంతో. ముప్పై ఒకటిన వస్తామని, పాప గది తుడిచి ఉంచమని చెప్పింది. సరే అన్నాను.

అదే రోజు, సాయంత్రం నాలుగు

గది తుడిచాను. మంచం కింద పాప మేజోడు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత నేనే ఫోన్ చేసి, పొద్దున తాగే చెప్పానన్నాను. ఇప్పుడెందుకు చెబుతున్నానని అడిగింది. ఆ ఎక్కం ఇక పనికిరాదు, తాగినా వచ్చేస్తోంది అన్నాను. పెట్టేసింది.

మార్చి 24, ఆదివారం

పది. పదకొండు. రెండు. ఫోన్ రాలేదు. ఈ వారం తాగలేదు. అడిగే దిక్కు లేదు.

మార్చి 29

సూపర్‌వైజర్‌ని వెంటబెట్టుకుని పదకొండు చెట్లూ తిరిగాను. తొమ్మిది నిజంగానే చచ్చాయి. నేనే ఇంటూలు పెట్టాను. రెండింటికి మాత్రం నా గోటి గాటుకు జానెడు కింద మొగ్గ, బియ్యపు గింజంత. రెండు చెట్లకోసం ఇంత రాద్ధాంతమా అని విసుక్కున్నాడు.

మార్చి 31, ఆదివారం

పదికి ఫోన్. రావడం లేదని చెప్పింది. ఎక్కం మొదలుపెట్టబోతే వద్దంది. ఫోన్ పాపకిచ్చింది.

పాప ఎనిమిదో ఎక్కం చెప్పింది. ఏడు దగ్గర ఆగిపోయింది. నేను అందించలేదు. ఆగాను.