మొదటి వరుసలో నాన్న

మహారాణి అమ్మగారి పాదాలకు చిన్నకూతురు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. అక్కడ నువ్వూ అక్కా క్షేమమనీ, చంటిది మిమ్మల్నిద్దరినీ రాత్రంతా క్షేమంగా మేలుకొలిపే ఉంచుతోందనీ తలుస్తాను. ఫోనెత్తితే అది ఏడుస్తోందని నువ్వు రాసిన ఉత్తరం అందింది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. ముందుగది ఖాళీ చేశామా అన్నావు. లేదు. అదిప్పుడు గది కాదు, మా సంస్థ ప్రధాన కార్యాలయం. నీ కుట్టుమిషనే నా బల్ల. సోఫా మీద మిగతా సిబ్బంది, అంటే నా స్నేహితురాలు శంఖం. ఆ గొంతుకి ఆ పేరు పెట్టింది నువ్వే.

ఇది ఆటా, పనా అన్నావు. పనే. ఏ వీధివాళ్ల పాటలూ నాటకాలూ ఆ వీధిలోనే ఉత్సవంగా జరిపించడం మా వ్యాపారం. మొదటి గిరాకీ మన వీధే. అది చూసి నచ్చితే పక్కవీధి ఉత్సవమూ మాకే ఇస్తానని వాళ్ల సంఘం కార్యదర్శి అన్నారు. నచ్చకపోతే నీ కుట్టుమిషను నీకు అప్పగించి సంస్థ మూసెయ్యడమే.

ఇస్త్రీ చేస్తూ నాన్న వేసే ఈల ఫోన్లో వినబడటం లేదేమిటన్నది మూడో ప్రశ్న. దానికి తర్వాత వస్తాను.

కళాకారులు కావలెనని గేటుకి కాగితం అంటించాం. వీధి వీధంతా వచ్చింది. దర్జీ ఏకపాత్రాభినయం చేస్తానన్నాడు. కొత్త పళ్లు కట్టించుకున్నాక పాట బాగా పలుకుతోందంది ఎదురింటి అత్తయ్య. మొహమాటానికి అందరినీ ఎంపిక చేశాం. తీరా ఆ సాయంత్రం తెర తీస్తే స్టేజీ వెనక తోపులాట, ముందు ఖాళీ కుర్చీలు. మన వీధిలో ప్రేక్షకులు మిగల్లేదమ్మా. చివరి వరుసలో కార్యదర్శి, మొదటి వరుసలో నాన్న. అంతే.

నాన్న ఎందుకు మిగిలారంటావా? నీ మూడో ప్రశ్న ఇక్కడే ఉంది. ఆయనా పేరిచ్చారు, ఈలపాటకి. సంస్థ గౌరవం దృష్ట్యా నేను, "సొంతవాళ్లకి అవకాశమిస్తే పక్షపాతం అంటారు నాన్నా" అని కొట్టేశాను. నిజమేలే అని ఆయన ఇస్త్రీ చేసుకోవడానికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచే ఇంట్లో ఈల లేదు. వీధి మొత్తంలో నేను కాదన్నది ఆ ఒక్క మనిషినే. నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనా చెప్పలేదని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

దర్జీ మాటలు మరిచిపోతే నాన్న చప్పట్లు కొట్టారు. అత్తయ్య శ్రుతి తప్పితే మళ్లీ మొదలెట్టమన్నారు. ముందు వరుసలో ఒక్కరే అలా కూర్చుని ఉంటే వదిలి పోలేక, పాడి దిగినవాళ్లు దిగినట్టే వచ్చి ఆయన పక్కన చేరారు. అందరి వంతూ అయ్యేసరికి కుర్చీలు నిండాయి, స్టేజీ ఖాళీ అయింది. వందన సమర్పణకి లేచిన శంఖాన్ని ఆపి నేను నాన్న దగ్గరికి వెళ్లాను.

"ఇంకో అంశం మిగిలింది, రా నాన్నా."

"పక్షపాతం అంటారేమోనే."

"అననీ."

వెళ్లారు. నువ్వు చెవులు మూసుకునే ఆ పాటే. మధ్యలో ఊపిరి చాలక ఆగిపోతే, వీధంతా చప్పట్లు కొట్టి మళ్లీ అందించింది.

పక్కవీధి ఉత్సవం మాకే వచ్చింది. మొదటి వరుసలో ఆయన ఉండాలని కార్యదర్శి షరతు. ముందు తన ఈల, తర్వాతే చప్పట్లని నాన్న షరతు. సంస్థ రెండింటికీ ఒప్పుకుంది.

ఇది రాస్తుంటే పక్కగదిలో ఇస్త్రీ జరుగుతోంది. పొద్దుటినుంచీ ఆ ఒక్క పాటే. త్వరగా రా అమ్మా, నేనొక్కదాన్నే వినలేకపోతున్నాను.

ఇట్లు,
పక్షపాతం నేర్చుకుంటున్న
నీ చిన్నకూతురు