అడుగు వైపు నూనె

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. కృష్ణ ఒడ్డున ఓ ఇంటికి నువ్వు వేసిన చెక్క డెక్‌ను, అదే ఆ చెక్క అరుగును, ఇంకాస్త పెంచమని నన్ను పిలిచారు. "మీ అన్నయ్య పనికి వంక పెట్టడానికి లేదండీ" అంది ఇంటావిడ. నాకు ఒళ్లు మండింది. వంక దొరక్కపోతుందా అని నువ్వు బిగించిన చెక్క పలక ఒకటి విప్పి తిరగేశాను. ఎవరికీ కనిపించని అడుగున, కోసిన చివర్లలో కూడా నూనె పట్టించి ఉంది. చెమ్మకి కుళ్లకుండా బిగించకముందే అన్ని వైపులా పూయాలని నువ్వంటే, చాదస్తమని నవ్వేవాణ్ణి.

ఈసారి నా పలకలన్నీ అలాగే పూసి ఆరబెట్టాను. ఇంటావిడ చూసి, "అడుగు వైపు కూడా పూశారే, ఇది మీ అన్నయ్య నేర్పిందేనా అండీ?" అంది.

"కాదండీ, నా పద్ధతే" అన్నాను.

నిజం నీకు మాత్రమే రాస్తున్నాను. ఆవిడకి చెప్పను.