చచ్చే దొర

తిరువూరు,
18-8-1974.

చిరంజీవి చంద్రశేఖరాన్ని మీ నాన్న దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క మీ అమ్మ మోకాళ్లు మాత్రం ఆమె మాట వినడం లేదు. నీ ఉత్తరం అందిన మర్నాడే ఇద్దరం నెమలి గుడికి వెళ్లి వేణుగోపాలస్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చాం. నువ్వడిగిన ఆవకాయ బస్సులో పంపుతున్నాం. కాయలు రెడ్డిగూడెంవి.

సినిమా హాల్లో నా ఆపరేటరు పని ఎలా ఉందని అడిగావు. మిషను పాతదైనా మొండిది, నాలాగే. నీ పిక్చరు ఇంకా ఆడుతోంది, ఇది మూడో వారం.

ఇక అసలు ప్రశ్న. "పిక్చరులో నేను లేనని, మన హాల్లో చూసిన నా స్నేహితుడు ఏడుకొండలు రాశాడు నాన్నా. ఉన్న ఒక్క సీనూ కంపెనీ వాళ్లు కోసేస్తే ఇక నాకు మద్రాసులో పనేముంది? వచ్చేస్తాను" అన్నావు. తొందరపడకు. ముందు చచ్చే దొర సంగతి విను.

ఆదివారం పొద్దుటాట కౌబాయ్ పిక్చర్లలో ప్రతిసారీ తుపాకి దెబ్బ తిని చచ్చే బట్టతలాయన గుర్తున్నాడా? ఆయన కనపడగానే నేల టికెట్టు వాళ్లు "వచ్చాడ్రోయ్ చచ్చే దొర!" అని ఈలలు వేసేవాళ్లు. అందులో నీ ఈలే పెద్దది. మన పిక్చరు ప్రింటుతో వచ్చిన రిప్రజెంటేటివ్ సుందరరామయ్యగారు మొన్న ఇంగ్లీషు పత్రికలోంచి ఆయన కథ చదివి చెప్పారు. పేరు రమోన్ వెల్దా, ఊరు స్పెయిన్ దేశంలో. మొదట గుర్రాలకు దాణా వేసే పని, తరవాత గుర్రం మీంచి పడే పని, ఆ తరవాత రెండు డైలాగులు. అలా పాతికేళ్లలో రెండొందల పిక్చర్లట! ఒక్కదాంట్లోనూ హీరో కాదు. వాళ్ల నాన్న చెప్పులు కుట్టేవాడట. కొడుకు పిక్చరు వచ్చిన ప్రతిసారీ కొట్టు కట్టేసి, మొదటి ఆటకు ముందు వరసలో కూర్చునేవాడట.

ఆ మాట నాకు చెంప దెబ్బలా తగిలింది. ఎందుకంటే బాబూ, నీ సీను కోసింది కంపెనీ కాదు, నేను. మొదటి రోజు పొద్దున రీళ్లు సరిచూసుకుంటూ ఒక్కణ్ణే చూశాను. హీరో నిన్ను కొడతాడు, నువ్వు బురదలో పడతావు. ఊరంతా నవ్వుతుందని కత్తెర పెట్టాను. ఆ ముక్కను బిస్కెట్ల డబ్బాలో దాచాను. నీ నోటికాడ కూడు నేనే తీశాను. నన్ను క్షమించు.

నిన్న దాన్ని మళ్లీ అంటించి, మీ అమ్మను ఆడవాళ్ల బెంచీలో కూర్చోబెట్టి మొదటి ఆట వేశాను. నువ్వు పడ్డావు. నేలంతా నవ్వింది. ఇంతలో ఎవరో "ఒరేయ్, మన ఆపరేటరు గారి శేఖరం రా! ఏం పడ్డాడ్రా!" అని అరిచారు. ఇక చూడు ఈలలు! ఎక్కడో ఉన్న ఆ దొరకూ, ఆయన్ని కన్న తండ్రికీ మిషను పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. వాళ్ల రుణం నేను తీర్చుకోలేను.

నువ్వు రావద్దు. పడమన్న చోటల్లా పడు.

ఆట వదిలాక మీ అమ్మను దింపడానికి ఇంటికి వెళ్లాను. ఆమె గుమ్మంలో ఆగి, "పడేటప్పుడు పిల్లాడి మోచెయ్యి రాయికి తగిలిందండీ, మీరు చూళ్లేదా?" అంది. చూశాను. కోసిన రోజే చూశాను.

మోచెయ్యి ఎలా ఉందో వెంటనే రాయి.

ఇట్లు
మీ నాన్న
అంకారావు