నేను చేరగానే లేచారు

ఒరే తమ్ముడూ, నా మోకాలు పరవాలేదు, బెంగపడకు. మరదలు చిక్కిపోతోందని, అడిగితే ఏమీ లేదంటోందని నువ్వు రాసినప్పటినుంచి నేనే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. గదిలో ఉండబట్టలేక ఆదివారం నడక సంఘం వాళ్లతో పొలాల వెంట వెళ్లాను. మెల్లగా నడుస్తారనే చేరాను. ముందువాళ్లు వెళ్లి నీడన కూర్చుంటారు. నేను కుంటుకుంటూ చేరగానే, "అక్కగారు వచ్చేశారు, ఇక పదండి" అని దులుపుకుని లేస్తారు. రెండుసార్లు ఓర్చుకున్నాను. మళ్లీ అదే చేసేసరికి ఒళ్లు మండి దారి మధ్యలోనే చతికిలబడ్డాను. దారి చూపించే పళ్ల డాక్టరు పరుగున వచ్చి, "ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏమీ కాలేదు. మీరు నాకోసం ఆగారు గానీ, నన్ను ఆగనివ్వలేదు" అన్నాను. పాపం, నేను లేచేదాకా నా పక్కనే కూర్చున్నాడు.

పెరటి కుళాయి బాగుచేయించావా? నా నల్ల గొడుగు ఎవరైనా వస్తుంటే పంపు. అన్నట్టు, మీ అందరి భోజనాలూ అయ్యాకే కదా మరదలు కంచం ముందు కూర్చునేది? అప్పటికి నువ్వు చెయ్యి కడిగేసుకుని వెళ్లిపోతావు. ఏమైందని ఇంకోసారి అడగకు. తను తిన్నంతసేపూ పక్కన కూర్చో, తనే చెబుతుంది. పిల్లలకు నా దీవెనలు. మరదలికి నా మాటగా ఏమీ చెప్పక్కర్లేదు, నువ్వు లేవకుండా ఉంటే చాలు.

మీ అక్క