టోబీని లారీ ఎక్కించవద్దు

తమ్ముడూ,

నరసరావుపేటలో టీచర్ల ట్రైనింగుకు పొద్దుటి బస్సుకే వెళ్తున్నాను. పది రోజులకు గాని రాను. టోబీకి మధ్యాహ్నం మజ్జిగన్నం పెట్టు, కోడి ఎముకలు వేయకు. రోజూ దువ్వు, లేకపోతే చెవుల దగ్గర బొచ్చు ఉండకట్టి రక్తం పీల్చే గోమార్లు పడతాయి. ఈ టెర్రియరు జాతి కుక్క పిల్లి అంతే ఉంటుంది గాని, తాను చిన్నదాన్నని ఒప్పుకోదు. కర్ర చూపిస్తే ఎదురు తిరుగుతుంది, మెల్లగా పిలిస్తే వస్తుంది.

మొన్న అది నీ పంచె చింపిన మాట నిజమే. నాన్న పోయి మూడు నెలలైనా అది ఆయన మంచం కిందే పడుకుంటోంది. నువ్వు ఆ మంచాన్ని బయటికి ఈడ్చావు. పైగా "దీన్ని లారీ ఎక్కించి పిడుగురాళ్లలో ఒదిలేసొస్తా" అన్నావు. దాని పక్షం మాట్లాడానని రెండు రోజులుగా నాతో మాటలు మానేశావు. మీ ఇద్దరి మొండితనం మధ్య నాకు ఓపిక అయిపోయింది. నేను లేనప్పుడు మాత్రం ఆ పని చేయకు. నాన్న పనిచేసిన మిషను దొరగారు తన దేశం వెళ్తూ ఆయన చేతుల్లో పెట్టిన కుక్క అది.

అక్క జీవరత్నం

తా.క. నిన్న నీ బస్సు ఆలస్యమైతే టోబీ గుమ్మం వదల్లేదు. పెట్టిన అన్నం నువ్వొచ్చాకే ముట్టింది. కోపంలో ఉండి నీకు చెప్పలేదు. నేనూ నువ్వొచ్చాకే తిన్నాను.