గట్టున నింపుకున్న గాలి

అన్నా,

మన బావిలో మోటరు పైపు అడుగునుండే ఫుట్‌వాల్వుకు చెత్త పట్టినప్పుడల్లా నువ్వే దూకేవాడివి. దూకే ముందు గట్టున నిలబడి గబగబా ఊపిరి తీసి వదిలేవాడివి. "గాలి నింపుకుంటాండా పాపా" అని నాతో అనేవాడివి. చివరిసారి దూకి పైకి రాలేదు.

అప్పట్నుంచి అమ్మది ఒకటే మాట. "నీళ్లల్లో ఎంత కొట్టుకున్నాడో, నన్ను ఎన్నిసార్లు పిలిచినాడో."

ఆదోనిలో నర్సింగు చదువుతున్న నీ కూతురు, ఈ రోజు నీ సంవత్సరీకానికని గోనెగండ్లకు వచ్చింది. అమ్మ మళ్లీ ఆ మాటే అంటే పక్కన కూర్చుంది.

"అవ్వా, మనకు ఊపిరాడనట్టు అనిపించేది మంచిగాలి తక్కువై కాదు, రక్తంలో చెడ్డగాలి ఎక్కువై. నాయన గబగబా ఊపిరి వదిలి దాన్ని ముందే బయటికి పంపేసినాడు. అందుకే లోపల మంచిగాలి అయిపోయినా ఒళ్లు ఊపిరి అడగలేదు. ఆయాసం తెలీకుండానే, నిద్రపోయినట్టు తెలివి తప్పింటాది."

అమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. "అట్లయితే నన్ను పిలవలేదు కదమ్మా?" అంది.

"లేదవ్వా."

ఏటా ఈ రోజు ఏమీ ముట్టని అమ్మ, నీకని చేసిన ఉగ్గాని ఇంత తిన్నది.

నేను మాత్రం బావి గట్టుకు పోయి నిలబడ్డాను. ఒక్కసారి నన్నైనా పిలిచుంటే బాగుండేదన్నా.