మోటారుకి కట్టిన పసుపు దారం

బండారులంక

నా బంగారుతల్లి సత్యదుర్గకి,

ఫోనులో నాకు సరిగ్గా వినపడదు కాబట్టి కాగితం మీదే అరుస్తున్నాను. తల్లీ, నాకు కేసొచ్చింది! నువ్వు లాయరువయ్యేవు గానీ మనింట్లో ఒక్క కేసూ లేదే అని బెంగగా ఉండేది.

దసరా మర్నాడు చేనేత ఆఫీసు నుంచి తనిఖీవాళ్లు వచ్చేరు. నూలు కండెలు చుట్టే రాట్నానికి నేను పెట్టుకున్న చిన్న మోటారు చూసేరు, ఫొటో తీసేరు. "మగ్గం కరెంటుతో నడుపుతున్నావు, ఇది చేనేత కాదు" అన్నారు. "కాదండీ, మోటారు రాట్నానికేనండీ, మగ్గం నా కాళ్లూ చేతులతోనేనండీ" అన్నాను. "చూశాంలే" అని వెళ్లిపోయేరు. వారం తిరక్కుండా ఆర్డరు. నా చీరలకి చేనేత ముద్ర వెయ్యకూడదట. ముద్ర లేని చీర మన నేతగాళ్ల సొసైటీ తీసుకోదు. మీ అమ్మ ఏడుస్తోంది. నేను మాత్రం మా అమ్మాయి హైకోర్టులో నిలబడుతుందని వీధివీధికీ చెబుతున్నాను!

పొంగిపోతున్న
మీ నాన్న

విజయవాడ

నాన్నగారికి,

ఇది సంబరం కాదు నాన్నగారూ. ముద్ర పోతే మీ నేత పోయినట్టే. ఆర్డరుతో జతచేసిన ఫొటో చూశాను. మోటారు నుంచి మగ్గం దాకా పసుపుపచ్చటి తాడొకటి కనిపిస్తోంది. దాన్నే వాళ్లు బెల్టు అంటున్నారు. ఏమిటది? నిజంగా బెల్టే అయితే అదీ రాయండి. మోటారు విప్పకండి, దాచకండి, వాడకండి. కేసు మా సీనియర్ గారు వాదిస్తారు, నేను కాదు. వీధిలో చెప్పడం ఆపండి. కోర్టుకి రావద్దు, మీ మోకాళ్లకి బస్సు పడదు.

దుర్గ

బండారులంక

అమ్మా దుర్గా,

మీ అమ్మకి ఫొటో సంగతి చెబితే ముందు నవ్వింది, తర్వాత తల పట్టుకుంది. ఆయుధపూజకి మగ్గానికీ రాట్నానికీ పసుపు దారం కడతాం కదా. ఈసారి "మోటారూ మన పనిముట్టే, దాన్నొక్కదాన్నీ వేరుపెట్టడమేమిటి" అని మూడింటికీ కలిపి ఒకటే దారం చుట్టేసింది. బెల్టనుకున్నారు మహానుభావులు! మోటారు వేస్తే పుటుక్కున తెగేది.

దారం అలాగే ఉంచేను. సొసైటీలో చీరలు తిప్పి పంపేసేరు. మీ అమ్మ వాటిని దులిపి మళ్లీ మడతపెడుతోంది. పక్కింటి నాగబాబు "ఆ మోటారు కాలవలో పారెయ్యండి బాబాయ్" అంటాడు. "మా అమ్మాయి వద్దందిరా" అన్నాను. మీ సీనియర్ గారు గొప్పవారే అయ్యుంటారు. అయినా నువ్వు వాదిస్తే ఆ సంతోషమే వేరు. వీధిలో చెప్పడం ఆపేను. దాదాపు.

ప్రేమతో
నాన్న

విజయవాడ

నాన్నగారికి,

గెలిచాం. మీరు చెప్పేది వినకుండా ఒక్క ఫొటో చూసి ముద్ర తీసెయ్యడం చెల్లదని కోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. నోటీసిచ్చి మళ్లీ తనిఖీ చెయ్యవచ్చని కూడా అంది. కాబట్టి వాళ్లొస్తారు. గట్టిగా మాట్లాడకండి, మోటారు వేసి చూపించండి. సీనియర్ గారు బాగా వాదించారు.

దుర్గ

బండారులంక

నా లాయరు తల్లికి,

వచ్చేరు! ఈసారి చెప్పి మరీ వచ్చేరు. మోటారు వేసేను. రాట్నం గిర్రున తిరిగింది, దారం తెగి ఆఫీసరుగారి బూటు మీద పడింది, మగ్గం కదల్లేదు. "ఇదెవరు కట్టేరండీ?" అన్నారాయన. "నేనేనండీ. వచ్చే ఏడు విడివిడిగా కడతానండీ" అంది మీ అమ్మ. అక్కడికక్కడే రాసిచ్చేరు. ముద్ర నిలబడింది. చీరలు సొసైటీకి వెళ్లిపోయేయి.

ఇక అసలు సంగతి. సీనియర్ గారు వాదించేరని రాసేవు. వీధంతా దండోరా వేస్తానని దాచేవు కాబోలు. వేస్తాను! నువ్వు వద్దన్నా నాగబాబుని తోడు తీసుకుని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నానమ్మా. మన కేసు పిలిచేసరికి మీ సీనియర్ గారు ఇంకో కోర్టు హాల్లో ఉండిపోయేరట. లేచింది నువ్వు.

ఏమన్నావో నాకొక్క ముక్క వినపడలేదు. జడ్జిగారు ఫొటో ఎత్తి చూడడం, నువ్వు వేళ్లతో దారం తెంపినట్టు చూపించడం, ఆయన నవ్వాపుకోవడం చూసేను. ఇంతలో నాగబాబు నా చొక్కా పట్టుకుని కిందికి లాగేడు. నువ్వు లేచినప్పుడు నేనూ లేచి నిలబడ్డానని అప్పుడు తెలిసింది.

మీ నాన్న